కోలారు దారిలో జరిమానా

మన సంఘంలో ఏటా పది కుటుంబాలైనా మాతృదేశం వెళ్ళివస్తూ ఉంటాయి. తిరిగివచ్చాక వారు చెప్పే కబుర్లలో తిరుపతి దర్శనమూ, కంచి పట్టుచీరలూ, ఎప్పుడూ చూడని మేనత్తగారి కన్నీళ్ళూ తప్పక ఉంటాయి. పోలీసువారికి కట్టుకున్న జరిమానా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తకుండా ఉందామనే అనుకున్నాను. కాని మొన్న ఒక మిత్రుడు తాను కూడా బెంగుళూరులో అద్దె కారు తీసుకుని స్వయంగా నడుపుకుంటూ పోదామనుకుంటున్నట్టు చెప్పి సలహా అడిగాడు. అతనికి చెప్పిందంతా ఇక్కడ మీకూ చెబుతున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే మనవి.

మా తాతగారిది పలమనేరు పక్కన ఒక పల్లె. పంటలు సరిగా పండని ఒక ఏడు అన్నదమ్ములిద్దరూ ఇల్లు విడిచారు. అన్న, అంటే మా తాత, మద్రాసులో ఓడెక్కి పినాంగు వచ్చి దిగాడు. తమ్ముడు మాత్రం పడమటి దారి పట్టి కోలారు బంగారు గనుల్లో చేరాడు. ఒకరు రబ్బరు తోటకు, ఒకరు పాతాళానికి. ఆ తరువాత వారు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ చిన్నతాత కొడుకు, నాకు చిన్నాయన వరస, ఎనభైనాలుగేళ్ళవాడు, ఇంకా ఆ గనుల ఊళ్ళోనే ఉన్నాడు. ఆయనను ఒక్కసారి కళ్ళారా చూసి రావాలని 2025 సంక్రాంతికి నేనూ మా ఆవిడా బయలుదేరాం.

బెంగుళూరు విమానాశ్రయంలో దిగగానే కారు తీసుకున్నాం. మనకూ వారికీ ఒక పోలిక ఉన్నది: అక్కడా బండి ఎడమవైపే నడపాలి, చక్రమూ కుడిపక్కనే ఉంటుంది. కనుక యూరపులోనో అమెరికాలోనో పడే తికమక మనకు ఉండదు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ పర్మిటు ఇక్కడే తీసుకువెళ్ళాను. దాన్ని, ఇక్కడి లైసెన్సును, పాస్‌పోర్టును మూడింటినీ పక్కపక్కన పెట్టి అద్దె కంపెనీ కుర్రవాడు ఫోటో తీశాడు. నా మొహాన్నీ తీశాడు. తరువాత ఫోను నా చేతికిచ్చి, అద్దంమీద వేలితో సంతకం గీయమన్నాడు. ఇరవై పేజీల ఒడంబడిక. చదివానంటే అబద్ధం. కిందికి జరుపుతూ పోయి చివర గీశాను.

చదివి ఉంటే రెండు సంగతులు తెలిసేవి. కారు మన చేతిలో ఉన్నంతకాలం పడే ప్రతి జరిమానా మనమే భరించాలన్నది ఒకటి. ఒడంబడికలో పేరున్నవాడు తప్ప మరొకడు చక్రం పట్టకూడదన్నది రెండవది.

ఇట్లా డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కార్లకు అక్కడ నల్లటి పలకమీద పసుపు అంకెలు ఉంటాయి. సొంత కార్లకు తెల్ల పలకమీద నల్ల అంకెలు, టాక్సీలకు పసుపు పలకమీద నల్ల అంకెలు. దూరంనుంచి చూసినా ఇది అద్దె సరుకు అని తెలిసిపోతుంది. కోలారు పక్క అద్దె అనరు, బాడుగ అంటారు. చిన్నాయన ఇంటిముందు కారు ఆపగానే వీధిలో పిల్లలు పలక చూసి, "బాడుగ కారు!" అని అరిచారు. విదేశంనుంచి వచ్చిన పెద్దమనిషి దర్జా ఆ ఒక్క కేకతో పోయింది!

వెళ్ళేటప్పుడు దారి గురించి చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగిన తప్పుకు బీజం అక్కడే పడింది. బెంగుళూరునుంచి చెన్నపట్నానికి కొత్తగా ఎక్స్‌ప్రెస్ రహదారి వేస్తున్నారు. అందులో కర్ణాటకలోని భాగం సుమారు 71 కిలోమీటర్లు. హోస్కోట దగ్గర మొదలై మాలూరు, బంగారుపేటల పక్కగా బేతమంగళందాకా వస్తుంది. మేము వెళ్ళడానికి నెలరోజుల ముందే, 2024 డిసెంబరులో, దానిమీదికి బండ్లను వదిలారు. ఆ రోడ్డు చూసి నేను ఉబ్బిపోయాను. మన కౌలాలంపూరు–ఈపో రహదారికి ఏమాత్రం తీసిపోదు. అక్కడ కార్లకు గంటకు 120 కిలోమీటర్లదాకా అనుమతి. మనకు ఇక్కడ 110 మాత్రమే కదా! ఆ పది కిలోమీటర్లూ అదనంగా చేతికి దొరికేసరికి పండగ చేసుకున్నాను.

ఒక్కటే చికాకు. కారు ఉండుండి టింగు టింగుమని మోగుతూ ఉంది. బెల్టు సరిగా పెట్టుకోలేదేమోనని మా ఆవిడను రెండుసార్లు విసుక్కున్నాను. తలుపు సరిగా పడలేదేమోనని ఒకసారి కారు ఆపి దిగి చూశాను. ఆ మోత ఏమిటో ఆనాడు నాకు తెలియలేదు.

బేతమంగళం దగ్గర దిగి గనుల ఊరివైపు తిరిగాం. బేతమంగళం చెరువు పాలారుమీద కట్టినది. గనులకూ, గనుల ఊళ్ళకూ నీళ్ళు అక్కడినుంచే వెళ్ళేవి. కొంతదూరం పోగానే చెట్లు పలచబడి, బూడిదరంగు కొండలు కనిపించాయి. అవి కొండలు కావు. నూరేళ్ళపాటు పాతాళంనుంచి తవ్వితీసిన రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారం లాగేసుకుని, మిగిలిన పిప్పిని పోసిన దిబ్బలు. వాటిమీద గడ్డి కూడా సరిగా మొలవదు. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము వచ్చి ఊరిమీద పడుతుంది. సినిమాలవాళ్ళు మాత్రం వాటిని చూసి ముచ్చటపడి వచ్చి షూటింగులు చేసుకుపోయారట.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1880లో ఇక్కడ పని చేపట్టింది. కావేరిమీద శివసముద్రంలో పుట్టించిన విద్యుత్తు 1902లో తీగలమీద నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణంచేసి ఈ గనులకు చేరింది. బెంగుళూరు నగరానికి దీపాలు వచ్చింది 1905లో. రాజధానికంటే ముందు గనికి వెలుగు! ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయింది. 1965లో భూమి లోపల న్యూట్రినోలనే అతిసూక్ష్మకణాల జాడను శాస్త్రజ్ఞులు పట్టుకున్నదీ ఈ గనిలోనే. ఎనిమిది వందల టన్నుల పైచిలుకు బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఇప్పుడు షాఫ్టులమీది ఇనుప గోపురాలు, వాటిమీద తిరగని చక్రాలు, కూలీల ఇళ్ళ వరసలు, తెల్లవారకముందే మారికుప్పం స్టేషనులో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయే జనం. అదీ ఆ ఊరు. రాబర్ట్‌సన్‌పేట బజారులో తమిళం ఎక్కువ వినిపిస్తుంది. నాలుగు మైళ్ళు పల్లెల్లోకి పోతే తెలుగే తెలుగు, ఆపైన కన్నడం. ఒకే మనిషి ఒకే వాక్యంలో మూడింటినీ వాడితే మా ఆవిడ తెల్లబోయి చూసింది. మనం మలాయి కలిపి మాట్లాడటం లేదూ, ఇదీ అట్లాంటిదే.

చిన్నాయన గనిలో వైండింగు ఇంజను నడిపినవాడు. అంటే మనుషులను పాతాళంలోకి దించి, తిరిగి పైకి తెచ్చే ఇనుప బోను ఉన్నదే, దాని తాడు చుట్టే యంత్రం ఆయన చేతిలో ఉండేది. బోనులో రాయి ఉంటే ఒక వేగం. మనుషులుంటే మరొక వేగం. మనుషులు ఎక్కారని తెలిపే గంట కూడా వేరు. ఆ గంట వినిపిస్తే ఆయన చెయ్యి తనంతట తానే నెమ్మదించేదట. "లోపల ఉండేవాళ్ళు మాకు కనపడర్రా. గంట ఒకటే. ఆ గంటకే మర్యాద ఇయ్యల్ల" అన్నాడు.

ఫోనుమీద వేలితో సంతకం చేయించుకున్న సంగతి చెబితే చిన్నాయన పగలబడి నవ్వాడు. 1930లో గనుల కంపెనీలు కూలీలందరి వేలిముద్రలూ తీసుకుని పేర్లు నమోదు చేస్తామంటే, కూలీలు ఒప్పుకోక దాదాపు మూడువారాలు సమ్మె కట్టారు. ఆ సమ్మె కథలు తండ్రి నోట విని పెరిగినవాడు ఆయన. "మా నాయన వాళ్ళు వేలు ఇయ్యమని పని మానుకున్న్యారు. నువ్వు కారు కోసరం ఇచ్చేసినావు" అని ఆటపట్టించాడు.

నాలుగు రోజులు నాలుగు క్షణాల్లా గడిచాయి. చిన్నమ్మ చేసిన రాగిసంగటి, అవరేకాయల పులుసు నోట్లో ఇంకా ఉన్నాయి. చిన్నాయన మనవడు, మా తమ్ముడి కొడుకు, ఆ నాలుగు రోజులూ మావెంటే తిరిగాడు. ఇరవైఆరేళ్ళవాడు. బెంగుళూరులో ఒక కంపెనీకి టాక్సీ నడుపుతాడు. వాడి సంపాదనమీదే ఆ ఇల్లు నడుస్తున్నదని చెప్పకపోయినా కనబడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణం రోజున వాడే మమ్మల్ని ముళబాగిలు మీదుగా తీసుకువెళ్ళాడు. ఊరి సందులు నాకు కష్టమని చక్రం వాడి చేతికిచ్చాను. కురుడుమలెలో ఏకశిల గణపతిని దర్శించాం. పదమూడు అడుగులకు మించిన ఆ మూర్తి ముందు నిలబడితే మనిషి తన ఎత్తు మరిచిపోతాడు. ముళబాగిలులో ఆంజనేయస్వామికి దండం పెట్టి, ఆ ఊరి పేరుమోసిన దోసె తిన్నాం. మందంగా, అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా ఉంటుంది. దానికోసం అరగంట ఎక్కువ కూర్చున్నాం. ఆ అరగంటే కొంప ముంచింది.

దోసె తిని లేచేసరికి మూడు దాటింది. రాత్రికి విమానం. ఇక రోడ్డు తిన్నగా ఉంది కదా అని చక్రం నేను తీసుకున్నాను. ముళబాగిలునుంచి కోలారు సుమారు ముప్పై కిలోమీటర్లు, మధ్యలో గట్టు ఉన్న నాలుగు వరసల రహదారి. టమాటా లారీలు వరసకట్టి పోతున్నాయి. కోలారు టమాటా సంత దేశంలో పెద్దవాటిలో ఒకటి. ఒక లారీని దాటాను, రెండోదాన్ని దాటాను. కారు మళ్ళీ టింగు టింగుమంది. వెనకనుంచి పిల్లవాడు, "పెద్దనాయనా, మెల్లగా" అన్నాడు. "నేను నలభై ఏళ్ళుగా నడుపుతున్నానురా" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు జబ్బు ఏమిటంటే, నాలుగు రోజుల కింద 120లో పోయిన కన్నుకు 97 నడకలాగా కనిపిస్తుంది. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటే మనిషికి వేగం తెలియదు. పల్లె పక్కన పోతున్నామనీ, గట్టు సందులోంచి ఏ ముసలమ్మో మేకను తోలుకుని దాటవచ్చనీ తట్టదు. కోలారులో పిల్లవాణ్ణి బస్సుస్టాండు దగ్గర దింపాం. వాడు మా కాళ్ళకు దండం పెట్టాడు. మేము విమానం ఎక్కి వచ్చేశాం.

వచ్చిన పదకొండో రోజున అద్దె కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది, కంప్యూటరులో. మీరు తీసుకున్న కారుమీద అతివేగానికి పోలీసు నోటీసు వచ్చింది, 80 ఉన్నచోట 97, జరిమానా 1000 రూపాయలు, ఆ సమయంలో కారు నడిపినవారెవరో రెండు రోజుల్లో తెలపండి, లేనిచో ఒడంబడికలోని పేరే తెలియజేస్తాము, అని సారాంశం. దానితోపాటు ఒక ఫోటో. కారు ముందుభాగం, నల్లపలక, పసుపు అంకెలు, తేదీ, మధ్యాహ్నం 3 గంటల 42 నిమిషాలు. అద్దంమీద ఎండ పడి లోపల ఎవరున్నారో కనబడటం లేదు.

ఇక్కడ మన పాఠకులకు అక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. మనకు ఇక్కడ 2012నుంచి రోడ్లమీద కెమెరాలు పెట్టి సమన్లు పంపుతున్నారు. అక్కడ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2021 ఆగస్టులో నియమాలు రాసి ఇదే పని మొదలుపెట్టారు. ఆ నియమాల ప్రకారం నోటీసు 15 రోజుల్లోగా పంపాలి. అందులో ఫోటో, యంత్రం కొలిచిన వేగం, చోటు, వేళ, ఏ సెక్షను మీరారో అన్నీ ఉండాలి. ఇక్కడ కెమెరా ఉన్నదని ముందుగా బోర్డు కూడా పెట్టాలి. నోటీసు వెళ్ళేది కారు సొంతదారుకు. అద్దె కారుకు సొంతదారు కంపెనీ కనుక మనకు ఏదీ నేరుగా రాదు, కంపెనీ తీరిక చూసుకుని పంపినప్పుడే వస్తుంది. ఆపాటికి మనం సముద్రం దాటి ఉంటాం. ఇక ఆ సమయంలో బండి నడిపినవారెవరని పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యత సొంతదారుది. అది 1988 చట్టంలో 133వ సెక్షను. తెలిసి తప్పు చెబితే అదీ నేరమే.

టింగు టింగుమన్న మోత సంగతి కూడా అప్పుడే తెలిసింది. 2019 జూలై 1నుంచి ఆ దేశంలో తయారయ్యే ప్రతి కారులోనూ 80 దాటితే ఉండుండి మోగే గంట, 120 దాటితే ఆగకుండా మోగే గంట పెట్టాలని నియమం. కారు నాకు దారిపొడుగునా చెబుతూనే ఉన్నది. నేను బెల్టు కారణమని మా ఆవిడను విసుక్కున్నాను. ఆమె ఈ సంగతి తెలిశాక ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

వెయ్యి రూపాయలంటే మన లెక్కలో సుమారు 50 రింగిట్లు. డబ్బు సమస్య కాదు. కట్టేద్దామని పోలీసువారి చోటు తెరిచాను. అది అక్కడి ఫోను నంబరుకు సంకేతం పంపుతానన్నది. నా దగ్గర ఆ నంబరు లేదు. ఇక్కడి బ్యాంకు కార్డు పెట్టాను, అది చెల్లలేదు. మూడుసార్లు ప్రయత్నించి, తమ్ముడి కొడుక్కు ఫోను చేశాను.

వాడు అంతా విని తేలిగ్గా, "పెద్దనాయనా, నా పేరు రాసెయ్. నాది ఈ ఊరి లైసెన్సే కదా. నీకెందుకు ఈ తలనొప్పి? ఫోటోలో మొగం కూడా కనపడలేదు. మేము దినామూ కట్టేదే" అన్నాడు.

నేను వెంటనే వద్దనలేదు. ఇదే ఈ వ్యాసంలో నేను చెప్పడానికి వెనకాడిన సంగతి. ఫోను పెట్టేసి ఒక పూటంతా ఆలోచించాను. నా పేరు పరదేశపు పోలీసు పుస్తకంలో ఎక్కితే మళ్ళీ వెళ్ళేటప్పుడు అడ్డు వస్తుందేమో. వాడికైతే వెయ్యితో సరి. డబ్బు నేనే పంపుతాను, ఇంకో వెయ్యి కలిపి పంపుతాను. ఇట్లా ఎన్నో కారణాలు వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి. సింగపూరు కార్లవాళ్ళు మన రోడ్లమీద సమన్లు తిని, సరిహద్దు దాటి పోయి, ఏళ్ళతరబడి కట్టకుండా ఉంటారని మనమే కదా ఆడిపోసుకుంటాం! నా విషయం వచ్చేసరికి అది గుర్తు రాలేదు.

ఆ రాత్రి చిన్నాయన స్వయంగా ఫోను చేశాడు. పిల్లవాడు ఇంట్లో మాటవరసకు చెప్పినట్టున్నాడు. కోపంగా లేడు. గొంతు మామూలుగానే ఉంది. "ఏమప్పా, ఇంజను ముందర ఎవరు కూచున్న్యారో వాళ్ళ పేరే పుస్తకంలో రాసేది. డ్యూటీ మారినప్పుడల్లా నేను రాసినాను, నా ముందర వాడు రాసినాడు. ఒకని పేరు ఒకడు రాసింది లేదు. పిల్లోడు నీమీద ప్రేమతో చెప్పినాడు. వానికి అదే లైసెన్సు, అదే కూడు. ఇంగొకసారి ఇట్లే పడితే లైసెన్సు పట్టుకుంటారంట. నువ్వు పెద్దోడివి, నువ్వేంది ఆలోచిస్తా ఉండావు?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆయన నా మౌనం గమనించనట్టే చిన్నమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పెట్టేశాడు. రెండోసారి అతివేగానికి పట్టుబడితే లైసెన్సు స్వాధీనం చేసుకునే వీలు ఆ చట్టంలో నిజంగానే ఉన్నదని తరువాత చూసుకున్నాను. బోను తాడు నలభై ఏళ్ళు చేతిలో పట్టుకున్న మనిషి ఆ సంగతి మాటవరసకు అనలేదన్నమాట.

మర్నాడు పొద్దున్నే కంపెనీకి రాశాను: కారు నడిపినది నేనే, వేగం నాదే, జరిమానా నా పూచీసొమ్ములోంచి మినహాయించుకోండి. అంతకుముందు కొంతదూరం మా అబ్బాయి నడిపిన సంగతి అడగలేదు కనుక రాయలేదు. అది కూడా తప్పే. ఆ సందుల్లో ఏ స్కూటరుకైనా తగిలి ఉంటే, ఒడంబడికలో పేరులేనివాడి చేతిలో బండి ఉన్నదని బీమావారు మొండిచెయ్యి చూపేవారు. అప్పుడు నష్టం వెయ్యి రూపాయలతో తీరేది కాదు, ఆ ఇంటి దీపం ఆరిపోయేది. మిత్రుడికి నేను ఇచ్చిన మొదటి సలహా ఇదే: బంధువుల్లో ఎవరైనా నడుపుతారనిపిస్తే, ముందుగానే రెండో పేరు రాయించు. కొన్ని కంపెనీలు రాస్తాయి. రాయకపోతే డ్రైవరుతో సహా టాక్సీ మాట్లాడుకో.

కథ అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కంపెనీ నా సొమ్ములోంచి వెయ్యి రూపాయలూ, సేవారుసుమని ఇంకో మూడు వందలూ తగ్గించుకుంది. అదే వారంలో పిల్లవాడు పోలీసు స్టేషనుకు పోయి, కారు నంబరు చెప్పి, నా పేరుమీదే వెయ్యి రూపాయలు కట్టి రసీదు ఫోటో పంపాడు! "నీకు కార్డు పనిచెయ్యలేదంటివే, అందుకే కట్టినా" అన్నాడు. ఆ జరిమానా ఎవరైనా కట్టవచ్చు, నంబరు తెలిస్తే చాలు. ఒకే తప్పుకు రెండుసార్లు కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పిల్లవాడి రసీదు చూపించి కంపెనీనుంచి వెయ్యి వెనక్కి రాబట్టడానికి రెండు నెలలూ తొమ్మిది ఉత్తరాలూ పట్టాయి. మూడు వందలు మాత్రం ఇవ్వలేదు. ఉత్తరం రాసినందుకు రుసుమట. పిల్లవాడి వెయ్యి వాడికి పంపితే తీసుకోలేదు. చివరికి చిన్నమ్మ మందులకని పంపాను.

కనుక అక్కడ జరిమానా పడితే కట్టేది ఎవరో ముందే తేల్చుకోండి. కంపెనీ ఇంకా కట్టకముందే మన తరఫున అక్కడివారు కట్టి, రసీదు కంపెనీకి పంపి, మినహాయించవద్దని రాయడం తేలిక. ఫోటోలో ఉన్నది మీ కారు కాకపోతే, లేదా ఆ వేళకు కారు అప్పగించేసి ఉంటే, అభ్యంతరం చెప్పుకునే దారి కూడా ఉన్నది. అప్పుడు కారు తీసుకున్న వేళ, అప్పగించిన వేళ రాసి ఉన్న కాగితమే సాక్ష్యం. దాన్ని పారెయ్యకండి. అప్పగించేటప్పుడు వేగం కొలిచే ముల్లునూ, కిలోమీటర్ల అంకెలనూ ఒక ఫోటో తీసుకోవడం మంచిది.

అతివేగానికి జరిమానా కొత్తదేమీ కాదు. 1896 జనవరిలో ఇంగ్లండులోని కెంటు జిల్లాలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు రెండు మైళ్ళు పోవలసిన ఊళ్ళో ఎనిమిది మైళ్ళ వేగంతో మోటారు నడిపాడు. కానిస్టేబులు సైకిలెక్కి తరిమి పట్టుకున్నాడు. జరిమానా ఒక షిల్లింగు. ఆ రోజుల్లోనే కోలారు గనుల్లో అదే దేశపు దొరలు బోను ఏ వేగంతో దించాలో నియమాలు రాస్తూ ఉన్నారు. చిన్నాయనకు ఈ కథ చెబితే, సైకిలుమీద తరిమిన పోలీసును మెచ్చుకున్నాడు.

ఆ ఏడు ఆగస్టు చివర్లో పిల్లవాడినుంచి ఒక సందేశం వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం పెండింగులో ఉన్న ట్రాఫిక్ జరిమానాలకు సగం రాయితీ ప్రకటించిందట, ఆగస్టు 23నుంచి సెప్టెంబరు 12దాకా. 2023 ఫిబ్రవరిలో కూడా ఇట్లాగే ఇచ్చారు. "చూసినావా పెద్దనాయనా, ఆగి ఉంటే అయిదు నూర్లతో పోయేది" అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. నేను తాతకు చూపించమని జవాబు రాశాను.

తాత చూశాడో లేదో తెలియదు. వచ్చే సంక్రాంతికి మళ్ళీ రమ్మని మాత్రం కబురు చేశాడు. ఈసారి కారు వద్దట. బెంగుళూరులో మారికుప్పం రైలెక్కితే తిన్నగా ఊళ్ళో దింపుతుందట. పొద్దున ఊళ్ళోవాళ్ళంతా పనులకు బెంగుళూరు పోతారు కనుక, ఆ వేళ ఎదురు వచ్చే బండి ఖాళీగా ఉంటుందని, మా ఆవిడకు కిటికీ పక్కన చోటు దొరుకుతుందని కూడా చెప్పాడు. టికెట్లు ఆమే చూస్తున్నది.